క్రాస్బీయా, మాల్కినా? పిట్స్‌బర్గ్ జోడీలో ఎవరి పీక్ గొప్పదో తేల్చుకోవడం ఎలా

సిడ్నీ క్రాస్బీ, ఎవ్‌గెనీ మాల్కిన్. 2006 అక్టోబర్ నుంచి పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ ఐస్ హాకీ జట్టుకు ఇద్దరూ సెంటర్లు, అంటే ముందు వరసలో మధ్యన ఆడేవాళ్లు. 2009, 2016, 2017లో ఇద్దరూ కలిసి ఉత్తర అమెరికా లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ మూడుసార్లు గెలిచారు. కెరీర్ మొత్తం లెక్కేస్తే క్రాస్బీదే పైచేయి, అందులో పెద్దగా పేచీ లేదు. పేచీ అంతా పీక్ దగ్గరే వస్తుంది. ఇద్దరూ తమ జీవితంలోకెల్లా గొప్ప ఆట ఆడుతున్న రోజుల్లో ఎవరు ఎక్కువ ప్రమాదకారి?

వేర్వేరు జట్ల ఆటగాళ్లను పోల్చితే కోచ్ తేడా, డిఫెన్స్ తేడా, గోల్‌కీపర్ తేడా అన్నీ అడ్డొస్తాయి. ఇక్కడ ఆ గొడవ చాలావరకు ఉండదు. ఒకే జట్టు, ఒకే ప్రత్యర్థులు, చాలా ఏళ్లు ఒకే కోచ్. అయినా వాదన తెగకపోవడానికి కారణం ఒకటే: ఎంత కాలపు ఆటను పీక్ అంటున్నామో ముందుగా ఎవరూ చెప్పరు. ఒకరు రెండు నెలల ప్లేఆఫ్స్ (సీజన్ చివర వసంతంలో జరిగే నాకౌట్ సిరీస్‌లు) గురించి మాట్లాడుతుంటే ఇంకొకరు మూడేళ్ల సగటు చూపిస్తారు. వ్యవధి మారితే జవాబు మారుతుంది. ఇద్దరి విషయంలో అది నిజంగానే మారుతుంది.

మన హాకీ మాత్రమే తెలిసినవాళ్లకు లెక్కల గురించి రెండు ముక్కలు. ఎన్‌హెచ్‌ఎల్‌లో రెగ్యులర్ సీజన్‌లో ఒక్కో జట్టు 82 మ్యాచ్‌లు ఆడేది, ఈ వ్యాసంలోని సీజన్లలో 2012–13 ఒక్కటే 48 మ్యాచ్‌లకు కుదించినది. గోల్ కొడితే ఒక పాయింట్. ఆ గోల్‌కు ముందు పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) అందించిన చివరి ఇద్దరికీ చెరో అసిస్ట్, దానికీ ఒక్కో పాయింటే. ఎక్కువ పాయింట్లు చేసినవాడికి ఆర్ట్ రాస్ ట్రోఫీ, అత్యంత విలువైన ఆటగాడికి హార్ట్ ట్రోఫీ, ప్లేఆఫ్స్‌లో అత్యుత్తముడికి కాన్ స్మైత్ ట్రోఫీ ఇస్తారు. ఆర్ట్ రాస్ ఇద్దరికీ చెరో రెండు ఉన్నాయి: క్రాస్బీకి 2007, 2014లో, మాల్కిన్‌కి 2009, 2012లో.

## ముందు ఏం కొలవాలి

ఐదు విషయాలు చూడాలి. అన్నిటికీ ఒకే బరువు ఉండదు.

వ్యవధి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఒక ప్లేఆఫ్ సీజనా, పూర్తి రెగ్యులర్ సీజనా, గాయాల మధ్య ముక్కలైన రెండు మూడేళ్లా అన్నది మొదట తేల్చాలి. అది తేల్చకుండా మిగతా నాలుగూ చూసినా లాభం లేదు.

లీగ్‌లో ఆ ఏడాది గోల్స్ ఎన్ని పడ్డాయి. 2006–07లో ఒక్కో జట్టు మ్యాచ్‌కి సగటున 2.95 గోల్స్ కొట్టింది. 2011–12కి అది 2.73కి పడిపోయింది. గోల్స్ తక్కువ పడే ఏడాదిలో చేసిన 109 పాయింట్లను, ఎక్కువ పడే ఏడాదిలోని 120తో నేరుగా పోల్చితే తప్పు జవాబే వస్తుంది. సవరణ సులువే: మ్యాచ్‌కి వచ్చిన పాయింట్లను 3తో గుణించి, ఆ ఏటి లీగ్ సగటుతో భాగించండి. అప్పుడు అన్ని సీజన్లూ మ్యాచ్‌కి జట్టుకు 3 గోల్స్ అనే ఒకే నేల మీదికొస్తాయి.

రెండో స్థానంలో ఉన్నవాడి కన్నా ఎంత ముందున్నాడు. సవరణ లెక్కలో ఏదైనా లోపం ఉంటే ఇక్కడ బయటపడుతుంది. రెండో స్థానంవాడూ అదే ఏడాది, అవే పరిస్థితుల్లో ఆడాడు కదా.

షూటింగ్ శాతం. కొట్టిన షాట్లలో ఎన్ని గోల్స్ అయ్యాయన్నది. ఇద్దరికీ కెరీర్ మొత్తం మీద ఇది 13 నుంచి 15 శాతం మధ్య తిరుగుతుంది. ఏదైనా చిన్న కాలంలో 20 దాకా వెళ్లిందంటే అందులో అదృష్టం పాలు ఉందని గుర్తించాలి.

పక్కన ఎవరు, బెంచ్‌లో ఎవరు. ఇద్దరిలో ఒకరు గాయపడితే రెండోవాడు మొదటి లైన్ (కలిసి ఐస్ మీదికి దిగే ముగ్గురు ఫార్వర్డ్‌ల గుంపు) సెంటర్ అవుతాడు. ఐస్ మీద సమయం పెరుగుతుంది, కానీ ప్రత్యర్థి ఉత్తమ డిఫెన్స్ జోడీ కూడా అతని మీదికే వస్తుంది. మాల్కిన్ విషయంలో ఇది పెద్ద అంశం.

ట్రోఫీల సంఖ్యను కొలబద్దగా పెట్టలేదు. హార్ట్, కాన్ స్మైత్ రెండూ ఓట్లతో ఇచ్చేవి. 2017 ప్లేఆఫ్స్‌లో అందరికన్నా ఎక్కువ పాయింట్లు మాల్కిన్‌వి, 28. కాన్ స్మైత్ మాత్రం 27 పాయింట్ల క్రాస్బీకి వెళ్లింది. ఆ ఓటు తప్పని కాదు, కఠినమైన పనులన్నీ ఆ వసంతంలో క్రాస్బీ లైనే మోసింది. కాకపోతే ట్రోఫీలు లెక్కపెట్టి పీక్ తేల్చేయడం కుదరదని దీన్నిబట్టి తెలుస్తుంది.

## అంకెలు ఒకచోట

| సీజన్ | ఆటగాడు | మ్యాచ్‌లు | గోల్స్ | అసిస్ట్‌లు | పాయింట్లు | మ్యాచ్‌కి | సవరించాక |
|---|---|---|---|---|---|---|---|
| 2006–07 | క్రాస్బీ | 79 | 36 | 84 | 120 | 1.52 | 1.54 |
| 2007–08 | మాల్కిన్ | 82 | 47 | 59 | 106 | 1.29 | 1.39 |
| 2008–09 | మాల్కిన్ | 82 | 35 | 78 | 113 | 1.38 | 1.42 |
| 2008–09 | క్రాస్బీ | 77 | 33 | 70 | 103 | 1.34 | 1.38 |
| 2009–10 | క్రాస్బీ | 81 | 51 | 58 | 109 | 1.35 | 1.42 |
| 2010–11 | క్రాస్బీ | 41 | 32 | 34 | 66 | 1.61 | 1.73 |
| 2011–12 | మాల్కిన్ | 75 | 50 | 59 | 109 | 1.45 | 1.60 |
| 2012–13 | క్రాస్బీ | 36 | 15 | 41 | 56 | 1.56 | 1.72 |
| 2013–14 | క్రాస్బీ | 80 | 36 | 68 | 104 | 1.30 | 1.42 |

చివరి నిలువు వరుసను కాసేపు చూడండి. పూర్తి సీజన్లు మాత్రమే తీసుకుంటే పైన ఉన్నది మాల్కిన్ 2011–12. సగం సీజన్లను కూడా కలిపితే క్రాస్బీ రెండుసార్లు అతన్ని దాటేస్తాడు. వాదన అంతా ఈ రెండు వాక్యాల మధ్యే తిరుగుతుంది.

## పూర్తి సీజన్: 2006–07 క్రాస్బీకి ఎదురుగా 2011–12 మాల్కిన్

క్రాస్బీకి 120 పాయింట్ల సీజన్ వచ్చేటప్పటికి వయసు 19. అంత చిన్న వయసులో ఆర్ట్ రాస్ గెలిచినవాడు లేడు. అదే ఏడాది హార్ట్ కూడా అతనిదే. వయసును పక్కనపెట్టి ఆటను మాత్రమే కొలిస్తే రెండు విషయాలు కనిపిస్తాయి. మొదటిది ఆధిక్యం: రెండో స్థానంలోని జో థార్న్‌టన్‌కి 114, తేడా 6 పాయింట్లే. రెండోది పవర్ ప్లే, అంటే ప్రత్యర్థి ఆటగాడు పెనాల్టీతో బయట ఉండగా ఒకరు ఎక్కువగా ఆడే సమయం. 2004–05 సీజన్ మొత్తం రద్దయ్యాక, ఆటగాళ్లను పట్టుకుని ఆపడాన్ని రిఫరీలు గట్టిగా శిక్షించడం మొదలుపెట్టారు. 2006–07లోనూ ఒక్కో జట్టుకు మ్యాచ్‌కి దాదాపు ఐదు పవర్ ప్లేలు దొరికేవి. క్రాస్బీ 120 పాయింట్లలో సుమారు సగం ఐదుగురు నలుగురితో ఆడుతున్నప్పుడు వచ్చినవే.

మాల్కిన్ 2011–12 దానికి పూర్తిగా తిరగబడిన పరిస్థితి. ఆ సమయానికి పవర్ ప్లేలు మ్యాచ్‌కి మూడున్నర కన్నా తక్కువకు దిగిపోయాయి. మాల్కిన్ 50 గోల్స్‌లో 12 మాత్రమే పవర్ ప్లేవి. రెండో స్థానంలోని స్టీవెన్ స్టామ్‌కోస్ ఆ ఏడాది 60 గోల్స్ కొట్టినా 97 పాయింట్ల దగ్గరే ఆగాడు. అంటే 12 పాయింట్ల తేడా, అదీ మాల్కిన్ ఏడు మ్యాచ్‌లు తక్కువ ఆడి. 2011 ఫిబ్రవరిలోనే అతనికి మోకాలి లిగమెంట్లు తెగి శస్త్రచికిత్స జరిగిందని కూడా గుర్తుపెట్టుకోవాలి.

అసలు బరువైన విషయం ఇంకోటి ఉంది. ఆ సీజన్‌లో క్రాస్బీ ఆడింది 22 మ్యాచ్‌లే. మిగతా కాలమంతా జట్టుకు మొదటి సెంటర్ మాల్కినే. 2008–09లో అతను 113 చేసినప్పుడు ప్రత్యర్థి కోచ్‌లు తమ మంచి డిఫెండర్లను సాధారణంగా క్రాస్బీ మీదికి పంపేవారు. 2011–12లో ఆ నీడ లేదు. జేమ్స్ నీల్, క్రిస్ కునిట్జ్ రెండు పక్కలా ఆడగా నీల్‌కు 40 గోల్స్ వచ్చాయి. మాల్కిన్ 339 షాట్లు కొట్టాడు, అందులో గోల్స్ 14.7 శాతం. తన మామూలు శాతం కన్నా కొంచెమే ఎక్కువ. అదృష్టం మీద నిలబడిన సీజన్ కాదిది.

మొత్తం పాయింట్లను సవరించి చూస్తే క్రాస్బీకి 122, మాల్కిన్‌కి 120. దాదాపు సమానం. మ్యాచ్‌కి లెక్కేస్తే మాల్కిన్ ముందు, మొత్తంగా లెక్కేస్తే క్రాస్బీ ముందు. పవర్ ప్లే తేడా, రెండో స్థానంతో ఉన్న దూరం, క్రాస్బీ లేని లోటు ఈ మూడూ కలిపితే పూర్తి సీజన్ పోటీలో మాల్కిన్ 2011–12కే ఓటు వేయాలి. క్రాస్బీ 2013–14లో రెండో స్థానం ర్యాన్ గెట్జ్‌లాఫ్ కన్నా 17 పాయింట్లు ముందున్నాడు, ఈ జాబితాలో అదే అతిపెద్ద తేడా. అయితే ఆ ఏడాది పైస్థాయిలో పోటీ పలచబడింది, 104 తర్వాత నేరుగా 87 వచ్చింది. మ్యాచ్‌కి 1.42 దగ్గర అది మాల్కిన్ 2011–12కి బాగా దిగువనే ఉంటుంది.

## సగం సీజన్లు: క్రాస్బీ కోల్పోయిన శిఖరం

2010 నవంబర్ 5 నుంచి డిసెంబర్ 28 వరకు క్రాస్బీ వరసగా 25 మ్యాచ్‌లలో పాయింట్లు చేశాడు. 26 గోల్స్, 24 అసిస్ట్‌లు, మొత్తం 50. 2011 జనవరి 1న వాషింగ్టన్‌తో ఆరుబయట జరిగిన మ్యాచ్‌లో తలకు దెబ్బ, జనవరి 5న టాంపాతో మరో దెబ్బ. కన్‌కషన్‌తో (దెబ్బకు మెదడు అదరడం) ఆ సీజన్ అక్కడితో అయిపోయింది. 41 మ్యాచ్‌లే ఆడినా ఏడాది చివరికి పెంగ్విన్స్‌లో అత్యధిక పాయింట్లు అతనివే. మిగతావాళ్లెవరూ 66ని అందుకోలేదు.

ఈ సగం సీజన్‌ను రెండుతో గుణించి 132 పాయింట్లు, 64 గోల్స్ అని రాసేసుకోవడం అభిమానులు తరచూ చేసే పొరపాటు. అది ఎందుకు కూడదో షూటింగ్ శాతం చెబుతుంది. 161 షాట్లకు 32 గోల్స్, అంటే దాదాపు 20 శాతం. తన మామూలు శాతం ప్రకారమైతే 23, 24 గోల్స్ పడాలి. ఆ అదనపు ఎనిమిది తొమ్మిది తీసేస్తే మ్యాచ్‌కి 1.61 కాస్తా 1.4కి జారుతుంది, సవరించాక 1.5. అప్పుడు మాల్కిన్ 2011–12 మళ్లీ పైకొస్తుంది.

వాదన ఇక్కడే ముగిసిపోయేది, కానీ తర్వాతి రెండు ముక్కలు ఆగనివ్వవు. 2011 నవంబర్ 21న తిరిగొచ్చిన రోజే ఐలాండర్స్ మీద రెండు గోల్స్, రెండు అసిస్ట్‌లు. ఎనిమిది మ్యాచ్‌లు ఆడి మళ్లీ ఆగిపోయాడు. మార్చిలో వచ్చి 14 ఆడాడు. కలిపి 22 మ్యాచ్‌లలో 37 పాయింట్లు. కుదించిన 2012–13లో జట్టు ఆడిన మొదటి 36 మ్యాచ్‌లలో 56 పాయింట్లు చేసి లీగ్‌లో అందరికన్నా ముందున్నాడు. మార్చి 30న సొంత జట్టువాడు కొట్టిన షాట్ తగిలి దవడ విరిగింది. ఆ నెలలో పెంగ్విన్స్ ఆడిన 15 మ్యాచ్‌లూ గెలిచింది.

మూడు ముక్కలూ కలపండి:

| కాలం | మ్యాచ్‌లు | గోల్స్ | అసిస్ట్‌లు | పాయింట్లు |
|---|---|---|---|---|
| 2010–11 | 41 | 32 | 34 | 66 |
| 2011–12 | 22 | 8 | 29 | 37 |
| 2012–13 | 36 | 15 | 41 | 56 |
| మొత్తం | 99 | 55 | 104 | 159 |

మ్యాచ్‌కి 1.61, లీగ్ సగటుతో సవరిస్తే 1.75. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఈ 99 మ్యాచ్‌ల మొత్తం షూటింగ్ శాతం సుమారు 15. మొదటి ముక్కలో అదృష్టం ఎక్కువ ఇచ్చింది, తర్వాతి రెండింటిలో తిరిగి తీసేసుకుంది. గోల్స్ తగ్గినప్పుడు అసిస్ట్‌లు పెరిగాయి. ఐస్ మీద అతను ఉన్నప్పుడు జట్టు ప్లస్–మైనస్ (కొట్టిన గోల్స్‌కూ ఇచ్చిన గోల్స్‌కూ తేడా) 2010–11లో 41 మ్యాచ్‌లకు ప్లస్ 20, 2012–13లో 36 మ్యాచ్‌లకు ప్లస్ 26. కాబట్టి ఇది గాలివాటం కాదు. అతని అసలు స్థాయే ఇది, మాల్కిన్ ఏ దశలోనూ అంత ఎత్తున ఇంతకాలం నిలవలేదు.

దీనికి చెల్లించాల్సిన ధరా ఉంది. ఆ మూడు సీజన్లలో పెంగ్విన్స్ ఆడిన రెగ్యులర్ మ్యాచ్‌లు 212. క్రాస్బీ ఆడింది 99, సగం కన్నా తక్కువ. పీక్ అంటే ఐస్ మీద ఉన్నప్పటి ఆట మాత్రమే అనుకుంటే ఇదే ఇద్దరిలోకీ గొప్పది. పీక్ అంటే జట్టుకు అందిన మొత్తం విలువ అనుకుంటే ఈ దశను లెక్కలోకి తీసుకోవడమే కష్టం.

మూడు వరస సీజన్ల మొత్తం చూసేవాళ్లకు ఒక విచిత్రమైన జోడీ దొరుకుతుంది. 2007–08 నుంచి 2009–10 వరకు మాల్కిన్‌కి 231 మ్యాచ్‌లలో 296 పాయింట్లు. 2006–07 నుంచి 2008–09 వరకు క్రాస్బీకి 209 మ్యాచ్‌లలో 295. మొత్తం దాదాపు ఒకటే, కానీ క్రాస్బీ 22 మ్యాచ్‌లు తక్కువ ఆడాడు.

## ప్లేఆఫ్స్: 2009 వసంతం

కప్ గెలవాలంటే నాలుగు సిరీస్‌లు గెలవాలి. ఒక్కోదానిలో నాలుగు విజయాలు. 2009లో ఇద్దరూ 24 మ్యాచ్‌లూ ఆడారు. ఇంత సరిసమానమైన పరీక్ష ఈ జోడీకి మళ్లీ దొరకలేదు.

| ప్రత్యర్థి | మ్యాచ్‌లు | మాల్కిన్ | క్రాస్బీ |
|---|---|---|---|
| ఫిలడెల్ఫియా | 6 | 4 గోల్స్, 5 అసిస్ట్‌లు | 4 గోల్స్, 4 అసిస్ట్‌లు |
| వాషింగ్టన్ | 7 | 2 గోల్స్, 8 అసిస్ట్‌లు | 8 గోల్స్, 5 అసిస్ట్‌లు |
| కరోలైనా | 4 | 6 గోల్స్, 3 అసిస్ట్‌లు | 2 గోల్స్, 5 అసిస్ట్‌లు |
| డెట్రాయిట్ | 7 | 2 గోల్స్, 6 అసిస్ట్‌లు | 1 గోల్, 2 అసిస్ట్‌లు |
| మొత్తం | 24 | 36 పాయింట్లు | 31 పాయింట్లు |

మాల్కిన్ సిరీస్‌ల వారీగా 9, 10, 9, 8. ఎక్కడా తగ్గలేదు. ఒకే ప్లేఆఫ్స్‌లో 36 పాయింట్లు 1993లో వేన్ గ్రెట్జ్‌కీ 40 తర్వాత అప్పటిదాకా ఎవరికీ రాలేదు. కాన్ స్మైత్ గెలిచిన తొలి రష్యన్ మాల్కినే.

క్రాస్బీవి 8, 13, 7, 3. వాషింగ్టన్ మీద అతని ఆట ఆ వసంతంలోకెల్లా గొప్ప ఏడు మ్యాచ్‌లనొచ్చు, ఫైనల్లో మాత్రం డెట్రాయిట్ అతన్ని కట్టేసింది. హెన్రిక్ జెట్టర్‌బర్గ్, నిక్లాస్ లిడ్‌స్ట్రామ్ ఇద్దరినీ క్రాస్బీ మీదే పెట్టారు. అలాంటి ఇద్దరు ఒకడి వెంట పడినప్పుడు రెండో లైన్‌లో మాల్కిన్‌కు చోటు దొరికింది. కాబట్టి ఫైనల్లో 8కి 3 అన్న తేడాను ఉన్నదున్నట్టు తీసుకోకూడదు, అందులో కొంత క్రాస్బీ వల్ల మాల్కిన్‌కు దక్కినదే. మొదటి మూడు సిరీస్‌లు మాత్రమే చూస్తే ఇద్దరికీ సరిగ్గా 28 పాయింట్లు! అయినా చేతికి వచ్చిన చోటును వాడుకోవడం కూడా ఆటే. ఒక్క వసంతానికి ఒకరినే ఎంచుకోమంటే 2009 మాల్కిన్‌నే తీసుకోవాలి.

రెగ్యులర్ సీజన్ పీక్ ప్లేఆఫ్స్‌కు దానంతటదే నడిచి రాదని రెండు సీజన్లు గుర్తుచేస్తాయి. 2013లో బోస్టన్‌తో సెమీఫైనల్లో పెంగ్విన్స్ నాలుగు మ్యాచ్‌లలో రెండే గోల్స్ కొట్టింది, క్రాస్బీకీ మాల్కిన్‌కీ ఒక్క పాయింటూ రాలేదు. 2014లో హార్ట్ గెలిచిన క్రాస్బీ 13 ప్లేఆఫ్ మ్యాచ్‌లలో ఒకే గోల్ కొట్టాడు. అప్పుడు మాల్కిన్‌కి అదే 13లో 6 గోల్స్, 8 అసిస్ట్‌లు.

## ఆట తీరులో తేడా ఎక్కడ

ఇద్దరూ ఎడమచేతి వాటం షూటర్లే, పోలిక అక్కడితో సరి.

క్రాస్బీ బలం నెట్ వెనకా, బోర్డుల (రింక్ చుట్టూ ఉండే గోడల) పక్కనా. అయిదడుగుల పదకొండంగుళాల మనిషి కింది నడుముతో డిఫెండర్‌ను ఆపి, పక్‌ను దూరం చేతివైపు దాచి, అరడుగు చోటు దొరికితే చాలు నెట్ ముందుకు తోస్తాడు. స్టిక్ బ్లేడుకు వంపు చాలా తక్కువ, అందుకే బ్యాక్‌హ్యాండ్‌తో కూడా కచ్చితంగా కొడతాడు. గోల్‌కీపర్ ఒకవైపు మాత్రమే కాచుకుని కూర్చోవడం కుదరదు. 2009–10 నాటికి ఫేసాఫ్‌లలో (ఆట మొదలుపెట్టడానికి ఇద్దరి మధ్య పక్ వదిలే పోటీ) 55 శాతం దాటేశాడు. అది పాయింట్ల పట్టికలో కనపడని విలువ, పవర్ ప్లే మొదట్లోనే పక్ చేతికొస్తే పదిహేను ఇరవై సెకన్లు కలిసొస్తాయి.

మాల్కిన్ బలం వేగంగా కదిలే పక్‌తో. ఆరడుగుల మూడంగుళాలకు పైబడిన ఎత్తు, పొడవైన అంగలు. మధ్య భాగంలో పక్ తీసుకుని ఇద్దరి నడుమ నుంచి దూసుకెళ్తాడు. పవర్ ప్లేలో కుడి సర్కిల్ దగ్గర నిలబడి వచ్చిన పాస్‌ను ఆపకుండానే కొట్టేస్తాడు. ఫేసాఫ్‌లలో సగం కూడా గెలవడు. ప్రత్యర్థి జోన్‌లో స్టిక్ అడ్డం పెట్టి పెనాల్టీలు తెచ్చుకుంటాడు: 2008–09లో 80 నిమిషాలు, 2011–12లో 70. ప్రత్యర్థి జోన్ మొదలయ్యే నీలి గీత దగ్గర ఒక డ్రిబుల్ ఎక్కువ చేసి పక్ పోగొట్టుకోవడం అతని పాత జబ్బు. మంచి రోజున ఆ డ్రిబులే గోల్ అవుతుంది. మాల్కిన్‌ను తీసుకుంటే ఆ రెంటినీ కలిపే తీసుకోవాలి.

## మీరు ఎందుకు ఎంచుకుంటున్నారో దాన్నిబట్టి

ఆల్‌టైమ్ డ్రాఫ్ట్, సిమ్యులేషన్ లీగ్ (పాత సీజన్ల అంకెలతో ఊహా జట్లు కట్టే ఆటలు) ఆడేవాళ్లు. ముందు నిబంధన చదవండి: సీజన్ మొత్తం పాయింట్లు లెక్కిస్తారా, మ్యాచ్ సగటా? మొత్తమైతే క్రాస్బీ 2006–07 తీసుకోండి, సవరణ లేని లీగుల్లో 120ని మాల్కిన్ ఏ సీజనూ దాటదు. లీగ్ సగటుతో సవరించే ఆట అయితే మాల్కిన్ 2011–12 దాదాపు అదే విలువ ఇస్తుంది, తరచూ ఒక రౌండ్ ఆలస్యంగా దొరుకుతుంది. గోల్స్‌కు విడిగా మార్కులుంటే మాల్కిన్ 50 గోల్స్, క్రాస్బీ 2009–10లోని 51 గోల్స్ రెండూ ఒకటే. ఫేసాఫ్‌లకు మార్కులుంటే క్రాస్బీనే. కనీస మ్యాచ్‌ల నిబంధన 40 లేదా అంతకన్నా తక్కువైతే 2010–11 క్రాస్బీ అర్హుడవుతాడు, అప్పుడు వేరే ఆలోచన అక్కర్లేదు. నిబంధన 50 అయితే ఆ సీజన్ పనికిరాదు. ఇది చూసుకోక పిక్ వృథా చేసుకునేవాళ్లు ఉంటారు.

వాదనలో దిగేవాళ్లు. ఎదుటివాళ్లను మొదట వ్యవధి చెప్పమనండి. ఒక ప్లేఆఫ్స్ అంటే మాల్కిన్. ఒక పూర్తి రెగ్యులర్ సీజన్ అంటే స్వల్ప తేడాతో మాల్కిన్. వంద మ్యాచ్‌ల దాకా నిలిచిన స్థాయి అంటే క్రాస్బీ, అందులో సందేహం లేదు. అంతకన్నా ఎక్కువ కాలమంటే అది పీక్ గురించిన ప్రశ్నే కాదు.

ఆట నేర్చుకునే పిల్లలు, వాళ్ల కోచ్‌లు. ఉత్తర అమెరికాలో పిల్లల్ని ఐస్ రింక్‌కు పంపే తెలుగు తల్లిదండ్రులకు సలహా: చిన్న ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లకు క్రాస్బీ వీడియోలే పాఠం. అతను చేసేవాటిలో చాలావరకు నేర్చుకుంటే వచ్చేవే: నడుము కిందికి దించడం, స్కేట్ అంచుల మీద తిరగడం, పక్ వచ్చేలోపే భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూసుకోవడం. మాల్కిన్ చేసేవాటిలో సగం అతని చేతుల పొడవుతో వచ్చినవి. పిల్లలు వాటిని అనుకరించి మధ్యలో పక్ పోగొట్టుకుంటారు.

మన హాకీ ఆడేవాళ్లకు ఈ సలహా తారుమారవుతుంది. క్రాస్బీలా బంతికీ డిఫెండర్‌కీ మధ్య ఒళ్లు అడ్డం పెడితే మన హాకీలో అబ్‌స్ట్రక్షన్ ఫౌల్. స్టిక్‌కు చదునుగా ఉన్న వైపుతోనే ఆడాలి కాబట్టి అతని బ్యాక్‌హ్యాండ్ కూడా అలాగే దిగుమతి కాదు. మాల్కిన్ మధ్య భాగంలో బంతిని మోసే పద్ధతి, డిఫెండర్‌ను ఒకవైపు లాగి రెండో వైపు పాస్ వదలడం, ఇవి నేరుగా పనికొస్తాయి. మిడ్‌ఫీల్డ్ నుంచి ముందుకు పరిగెత్తే ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌లకు మరీను.

పాత మ్యాచ్‌లు చూడాలనుకునేవాళ్లు. క్రాస్బీకి 2009 మే 4న వాషింగ్టన్‌తో రెండో మ్యాచ్ పెట్టుకోండి. అతనూ అలెక్స్ ఒవెచ్‌కిన్ చెరో హ్యాట్రిక్ కొట్టిన రోజు అది. పెంగ్విన్స్ ఓడింది, అయినా క్రాస్బీ గోల్స్ నెట్‌కు ఎంత దగ్గర్నుంచి వచ్చాయో గమనించండి. ఆ తర్వాత 2011 నవంబర్ 21 పునరాగమనం. మాల్కిన్‌కి 2009 మే 21న కరోలైనాతో రెండో మ్యాచ్, హ్యాట్రిక్‌లోని మూడో గోల్ ఒక్కదాన్నే రెండు మూడుసార్లు చూడొచ్చు: ఫేసాఫ్ గెలిచి, నెట్ చుట్టూ తిరిగి వచ్చి బ్యాక్‌హ్యాండ్‌తో పై మూలకు. 2009 ఫైనల్ ఏడో మ్యాచ్ మాత్రం ఈ పోలిక కోసం చూడకండి. రెండు గోల్స్ మాక్స్ టాల్బాట్‌వి, క్రాస్బీ రెండో పీరియడ్‌లో మోకాలికి దెబ్బ తగిలి చివరి పీరియడ్ దాదాపు మొత్తం బెంచ్ మీదే కూర్చున్నాడు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడటానికి ఆ సిరీస్‌లోని మొదటి ఆరు మ్యాచ్‌లే పనికొస్తాయి.